ఆదివారం పలకని సీతాబాయి

మా చందానగర్ అపార్ట్‌మెంట్‌లో కొన్ని నెలలపాటు ఒక దేవత కాపురం ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో, మెట్ల పక్క ఫ్లాట్‌లో, చీరలకు ఫాల్ కుడుతూ, పీకో చేస్తూ. ఆమె పేరు సీతాబాయి. ఆమెను దేవతను చేసింది ఏ తపస్సూ కాదు, వాళ్ళబ్బాయి వేణు పెట్టించిన ఇంటర్నెట్టు. ఆ సంగతి అందరికన్నా ఆఖర్న తెలిసింది నాకు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, మండుతుండగానే నవ్వొచ్చేస్తుంది.

సీతాబాయిది నల్లగండ్ల పక్క పల్లె. ఇప్పుడక్కడ అన్నీ అద్దాల మేడలు. ఫలానా మేడలో లిఫ్టు ఉన్నచోటే తమ టమాటా తోట ఉండేదని ఆమె అంటుంది. ఆ భూమి అమ్మొద్దని ఆమె ఎంతో మొత్తుకుంది. మొగుడు రామన్న వినలేదు. ఇంకా సైబరాబాద్ అన్న మాటే పుట్టకముందు, కందిచేను ధరకు అమ్మేసి, పెద్ద పని చేసినట్టు వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా ఆమె మాట విన్నవాళ్ళు లేరు. మోటార్ సైకిల్ వద్దంటే వేణు కొన్నాడు, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మబ్బు పట్టింది, బట్టలు తియ్యమంటే కోడలు ప్రియదర్శిని ఇయర్‌ఫోన్లు తీయలేదు, బట్టలు తడిశాయి. ఇంట్లో తన మాటకన్నా కుక్కర్ విజిల్ నయమని సీతాబాయి అనేది, విజిల్ వేస్తే కనీసం ఎవరో ఒకరు లేస్తారని.

అలాగని ఏడుపుగొట్టు మనిషి కాదు. చిన్న మనిషి, పెద్ద గొంతు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగలదు. ఆమెకు చీర ఇచ్చి రావడానికి వెళితే టీ తాగకుండా బయటపడలేం.

ఒకరోజు వేణు కేబుల్ తీసేశాడు. ఇంట్లో కేబుల్ చూసేది అమ్మ ఒక్కతే అన్నది అతను చూపించిన కారణం. ఆ ఒక్కతే మనిషి కాదా అన్నది ఆమె ప్రశ్న. ఎప్పట్లాగే ఆమె ప్రశ్న గాలికి పోయింది. పాత వైరు ఊడదీశారు, సన్నటి తెల్ల వైరు గోడ వెంట పాకింది, కొత్త టీవీ వచ్చింది. ఆన్ చేస్తే ఛానెళ్ళు లేవు, మిఠాయి దుకాణంలో పళ్ళేల్లా బొమ్మలే బొమ్మలు. సీతాబాయి రెండు పూటలు అలిగింది. ఆమెకు ప్రాణమైన సీరియల్ 'మూడో తోడికోడలు' రాత్రి ఏడున్నరకు వస్తుంది. ఆ కొత్త టీవీలో ఏడున్నర అన్నదే లేదు.

కోడలు జాలిపడి, రిమోట్ మీద మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలని చూపించింది. సీతాబాయి నొక్కింది. దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి సీరియల్ పేరు చెప్పింది. తెర మీద సీరియల్ ప్రత్యక్షమైంది. ఆమె ఆ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా మాట ఇన్నది ఈ ఇంట్ల ఇదొక్కటే," అంది.

ఇక రోజూ తెల్లవారి, టీ పెట్టుకుని, ఇంటిల్లిపాదీ లేవకముందే సీరియల్ చూసేసేది. అది నిన్న రాత్రి వచ్చిన భాగం అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ యాప్‌లో సాయంత్రం టీవీలో రావాల్సింది తెల్లవారి ఆరింటికే పెట్టేస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పొద్దున ఒంటరిగా చూస్తే కడుపు నిండదు కదా. మధ్యలో 'దీని మొహం మండ' అనడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. అందుకని సాయంత్రం రెండో అంతస్తులో చెన్నమ్మగారింటికి వచ్చింది. చెన్నమ్మగారిది ప్రొద్దుటూరు. కొడుకు గిరీష్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు, మనవరాలు లావణ్య డిగ్రీ చదువుతోంది. మోకాలి నొప్పితో చెన్నమ్మగారు మెట్లు దిగలేక, మార్కెట్ మొహం చూసి చాలాకాలమైంది. వాళ్ళింట్లో ఇంకా కేబుల్ ఉంది. నేనూ రోజూ అక్కడికే వెళ్తాను, ఎందుకంటే మా టీవీ ముందు మా ఆయన ఆఫీసు మీటింగులు పెట్టుకుంటాడు. నా పేరు రేఖ, మాది తణుకు. ఫోన్‌లో సీరియల్ చూడమని అందరూ సలహా ఇస్తారు. కిటికీ సందులోంచి పెళ్ళి చూడమన్నట్టు ఉంటుంది నాకు ఆ మాట.

ఆ సాయంత్రం సీరియల్‌లో అత్తగారు పూజపళ్ళెం పట్టుకుని మెట్లు దిగుతోంది. సీతాబాయి శనక్కాయలు ఒలుస్తూ, ఇప్పుడు ఆ పళ్ళెం కిందపడుతుంది చూడండి అంది. పడింది. దీపం పోయి పరదాకు అంటుకుంటుందంది. అంటుకుంది. మూడో కోడలు వచ్చి ఒట్టి చేతులతో ఆర్పుతుందంది. ఆ పిల్ల పరుగున వచ్చి అదే పని చేసింది. నా చేతిలో శనక్కాయ నా చేతిలోనే ఉండిపోయింది.

ఇది నిన్నటిది మళ్ళీ వేస్తున్నారని చెప్పబోయిందట సీతాబాయి. ఇంతలో తెర మీద 'నేటి భాగం' అని అక్షరాలు పడ్డాయి. అప్పుడు ఆమెకు వెలిగింది, తను పొద్దున చూసింది నిన్నటిది కాదని. చెప్పేద్దామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే చెన్నమ్మగారు ఆమె వైపు తిరిగి, కళ్ళు ఇంతింత చేసుకుని అడిగారు.

"నీకెట్ల తెల్సింది మే?"

పుట్టి బుద్ధెరిగాక అంత మర్యాదగా, అంత ఆశ్చర్యంగా ఆమెనెవరూ ఏదీ అడగలేదు. భూమి అమ్మేటప్పుడు అడగలేదు, కొడుకు పెళ్ళప్పుడు అడగలేదు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"ఏమో అక్కా. గట్ల అనిపిచ్చింది," అంది.

ఇంకేముంది. మర్నాడు ఇంకోటి అనిపించింది. ఆ మర్నాడు రెండు అనిపించాయి. చచ్చిపోయిందనుకున్న ఆడపడుచు చాముండి బతికే ఉందని ఆమె చెప్పిన రోజు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్ళకూ నేనే చెప్పాను. సీతాబాయికి వాక్కు ఉందని ఊరంతా టముకు వేసిన మహాతల్లిని నేనే.

జనం రావడం మొదలైంది. చీర సాకుగా పట్టుకుని వచ్చేవారు, అసలు పని ప్రశ్న అడగడం. పనిమనిషి రేపు వస్తుందా. మంజీరా నీళ్ళు ఎప్పుడు వదులుతారు. అబ్బాయికి ఆఫీసులో ప్రమోషన్ ఉందా. సీతాబాయి సూదిలో దారం ఎక్కిస్తూ, మొదట జర కష్టమైతది, తర్వాత మంచిగైతదని అందరికీ ఒకటే చెప్పేది. ఈ నగరంలో అది నిజం కానిది ఎవరికి? మూసాపేట నుంచి కూడా ఎవరో మెట్రో ఎక్కి, ఆటో మారి వచ్చారు. ఆమె బొట్టు కొంచెం పెద్దదైంది. రామన్న, పెళ్ళయ్యాక మొదటిసారి, స్కూటర్ టైరు ఇప్పుడు మార్చాలా, దసరా దాకా ఆగాలా అని భార్యను అడిగాడు. ఆమె కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, ఇప్పుడే మార్చమంది. అతను మార్చాడు. ఆ రోజు ఆమె కాళ్ళు నేలమీద లేవు.

ఆదివారాలు మాత్రం ఆమెకు ఏమీ అనిపించేది కాదు. ఆదివారం సీరియల్ ఉండదు మరి. అది మాకు తట్టలేదు. ఆదివారం సీతాబాయి పలకదని నియమం అనుకుని మేమే ఆ రోజు ఎవరినీ వెళ్ళనిచ్చేవాళ్ళం కాదు. ఒకసారి రోడ్డు తవ్వి ఇంటర్నెట్ వైరు తెంపేశారు. ఆ సాయంత్రం ఆమె తల పట్టుకుని, ఈరోజు ఏమీ తోచడం లేదంది. నేను క్యాలెండర్ చూశాను. అమావాస్య. ఇంకా అనుమానం ఏముంటుంది?

ఇంత సంబరంలోనూ సీతాబాయికి లోపల పీకుతూనే ఉండేదట. ఏడున్నర దగ్గర పడుతుంటే చీరకొంగు మెలిపెట్టేది. అది పూనకం వచ్చేముందు లక్షణం అని నేను మా వదినకు ఫోన్ చేసి మరీ చెప్పాను. నా తెలివికి నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

అసలు చిక్కు చెన్నమ్మగారి మోకాలితో వచ్చింది. మోకాలు మార్చాల్సిందేనని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. గిరీష్ బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. వాళ్ళ ఊళ్ళో ఎవరో ఆపరేషన్ చేయించుకుని మంచం దిగలేదని ఆమె మొండికేశారు. చివరికి ఒకరోజు, సీత చెబితే చేయించుకుంటానన్నారు.

మర్నాడు గిరీష్ ఆఫీసుకు వెళ్తూ సీతాబాయి కుట్టు మిషన్ ముందు ఆగాడు. యాప్‌లో ఆరింటికే వస్తుందని తనకు తెలుసనీ, ఎవరికీ చెప్పలేదనీ ముందే అన్నాడు. సీతాబాయి కాలు మిషన్ మీద ఆగిపోయింది.

"ఆపరేషన్ బాగా జరుగుతాదని ఒక్క మాట చెప్పు పిన్నీ. నీ మాటైతే వింటాది."

"మంచిగ కాకుంటే?"

గిరీష్ ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. డాక్టరు మంచివాడని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

సీతాబాయి అప్పుడు పడ్డ పరేషాన్ అంతా ఇంతా కాదు. సీరియల్‌లో పళ్ళెం పడుతుందని చెప్పడం వేరు, పడడం తను కళ్ళారా చూసింది. ఈ మోకాలి సంగతి ఏ యాప్‌లోనూ ఆరింటికి రాదు. చెబితే, రేపు ఏమైనా అయితే ఆ పాపం తనది. చెప్పకపోతే చెన్నమ్మక్క ఆ సోఫాలోనే ముసలిదైపోతుంది. నిజం చెప్పేస్తే ఇన్నాళ్ళ మర్యాదా పోతుంది, ఆపరేషనూ పోతుంది. మైసమ్మకు మొక్కుకుంది. ఏ దేవతనైతే జనం తనలో చూస్తున్నారో ఆ దేవతకు తనే వెళ్ళి దండం పెట్టుకోవలసి వచ్చింది పాపం.

రెండో అంతస్తుకు వచ్చి, చెన్నమ్మగారి పక్కన కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసింది.

"నడుస్తవ్ అక్కా. మార్కెట్‌కు నాతోని నడుస్తవ్," అంది.

చెన్నమ్మగారు ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. సరే, చేయించుకుంటానన్నారు. గిరీష్ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. నేను సీతాబాయికి అక్షరాలా దండం పెట్టాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఇద్దరం ఆటోలో కొండాపూర్ దవాఖానకు వెళ్ళాం. దారంతా సీతాబాయి నోరు విప్పలేదు. అంత గొంతు మూగబోతే ఆటో డ్రైవర్‌కు కూడా ఏదో తేడాగా అనిపించి ఉంటుంది. చెన్నమ్మగారిని స్ట్రెచర్ మీద తెస్తుంటే ఆమె ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. అక్కా, నీకో మాట చెప్పాలె, అని మొదలుపెట్టింది. వెనక గిరీష్ మొహం పాలిపోయింది. నర్సు తోసుకుంటూ వెళ్ళిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

ఆ మాట ఆమె కడుపులో ఆగలేదు. కుర్చీల దగ్గరికి వచ్చి నాకు చెప్పింది. మైకు బొమ్మ దగ్గర్నుంచి మోకాలి దాకా మొత్తం. నేను వింటూ వింటూ లేచి నిలబడ్డాను.

మా ఆయన బదిలీ గురించి ఈమెనా నేను అడిగింది? అమావాస్య అని క్యాలెండర్ చూసింది ఈమె కోసమా? మా వదిన భీమవరంలో ఈమె పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టించింది కదా. నోటికొచ్చినన్ని అన్నాను. ఆమె తల వంచుకుని అన్నీ పడింది. సెక్యూరిటీ అతను వచ్చి, ఇది దవాఖాన, మెల్లగా తిట్టుకోండి అన్నాడు. నేను మెల్లగా తిట్టాను.

"తిట్టు బిడ్డా. ఎంతన్న తిట్టు. ఆమె మాత్రం మంచిగ రావాలె," అంది సీతాబాయి. చీరకొంగు మెలిపెడుతూనే ఉంది. నాకు ఇంక తిట్లు దొరకలేదు. పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక చెన్నమ్మగారిని బయటికి తెచ్చారు. అంతా బాగా జరిగిందని డాక్టరు చెప్పాడు. సీతాబాయి ఆయన కాళ్ళు మొక్కబోతే ఆయన పరుగులాంటి నడకతో తప్పించుకున్నాడు. చెన్నమ్మగారికి ఇంకా మత్తు పూర్తిగా దిగలేదు. కళ్ళు మూసుకునే ఏదో అంటున్నారు. మేమంతా వంగి విన్నాం.

"ఆ చాముండి పాలామె వేసంలో ఇంట్లోకొచ్చినాది మే. గల్లాపెట్టె బీగాలు కొట్టేసినాది. మూడోది చూసినాది, చెప్పల్యా..."

సీతాబాయి బిగుసుకుపోయింది. ఆ పొద్దున కంగారులో ఆమె సీరియల్ చూడలేదు. పాలామె సంగతి ఆమెకే తెలియదు. గోడమీద గడియారం చూస్తే ఏడున్నరకు ఇంకా బోలెడు టైముంది. నా భుజం పట్టుకుని, వాక్కు తనను విడిచిపెట్టి అక్కకు పోయిందని నా చెవిలో అంది. అంతా విన్న తర్వాత కూడా నేను ఒక్క క్షణం నమ్మాను. నా సంగతి అంతే.

నాయనమ్మ మంచం పక్కనే ఉన్న లావణ్య పకపకా నవ్వింది.

"జేజి రోజూ ఆరింటికే నా ఫోన్‌లో చూస్తుంది. మీరు చెప్పడం మొదలుపెట్టిన వారానికే కనిపెట్టేసింది. సాయంత్రం ఏమీ తెలియనట్టు కూర్చుంటుంది. ఈరోజు కూడా లోపలికి తీసుకెళ్ళేముందు చూపించమని ఒకటే గొడవ. లోపలికి పోతే మళ్ళీ చూస్తానో లేదో అంది."

ఆ చివరి మాట దగ్గర ఆ పిల్ల నవ్వు కూడా ఆగింది.

అంటే ఇన్నాళ్ళూ ఆ సోఫాలో నిజంగా ఆశ్చర్యపోయిన మనిషిని నేనొక్కదాన్నే. పొద్దున చూసేసిన ఇద్దరు ఆడవాళ్ళు సాయంత్రం చూసింది సీరియల్‌ను కాదు, నా మొహాన్ని. ఆ సాయంత్రం దవాఖాన గదిలో టీవీ పెట్టారు. ఏమీ నమ్మను, ఏమీ ఆశ్చర్యపోను అని గట్టిగా నిర్ణయించుకుని కూర్చున్నాను. పాలామె ముసుగు తీసింది. "అమ్మ దొంగముండా" అని అరిచాను. వెనక మంచం మీద నుంచి, కుర్చీలో నుంచి ఒకేసారి నవ్వు వినిపించింది.

మర్నాడు పొద్దున చెన్నమ్మగారు బాగా తేరుకున్నారు. సీతాబాయి మంచం పక్కన నిలబడి, తెలిసి కూడా తనను ఎందుకు అడిగావని అడిగింది. కోపంగానే అడిగింది. ఎన్ని రాత్రులు నిద్రలేకుండా చేశావో తెలుసా అంది.

"తెల్సు మే. డాక్టరు అందరికీ బాగైతాదనే చెప్తాడు. మావోడు కొడుకు గాబట్టి చెప్తాడు. వాళ్ళకు బయం ల్యా. నువ్వు సీరియల్ అబద్ధానికే కొంగు మెలిపెట్టే మనిసివి. నువ్వు చెప్తే నా కాలు కోసరం నాతో పాటు బయపడతావని తెల్సు. ఒక్కదాన్నే బయపడల్యాక నిన్ను గూడా కలుపుకున్యా."

సీతాబాయి కోపం ఎక్కడికో పోయింది. ముక్కు చీదుకుంది, ఏడ్చింది, మధ్యలో నవ్వింది. ఇంతలో నడిపించే అమ్మాయి వాకర్ తోసుకుంటూ వచ్చింది. చెన్నమ్మగారిని మెల్లగా లేపి మంచం అంచున కూర్చోబెట్టింది. ఆమె కట్టు కట్టిన మోకాలిని చూసుకున్నారు. వాకర్ పట్టుకోకుండా సీతాబాయి వైపే తిరిగారు.

"నడుస్తానా మే? చెప్పు."

"నాకేం ఎర్కలేదు అక్కా," అంది సీతాబాయి. "నాకు గుండె దడదడ కొట్టుకుంటుంది. నువ్వు లెవ్వు. నేను పట్టుకుంట."

చెన్నమ్మగారు ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి ఆ చిన్న మనిషి భుజం మీద వేసి లేచి నిలబడ్డారు.